అడవి తెరకు స్ప్రే గన్ను: రెండు నెలల డైరీ

2023 నవంబరు 19, ఆదివారం

రామాలయం అటక మీద నుంచి నాటకం తెరలు దించాం. దర్బారు తెర ఫర్వాలేదు, వీధి తెర అంచులు చిరిగినా కుట్టుకోవచ్చు, అడవి తెర మాత్రం విప్పుతుంటేనే పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. ఎప్పుడో రంగు వెలిసిందని ఎవరో దాని మీద ఎనామిల్ కొట్టారు. గుడ్డ మీద ఎనామిల్ ఆరాక రేకులా బిగుసుకుపోతుంది, దాన్ని ఏటా వెదురు బొంగుకు చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం, ఇక పగలక ఏం చేస్తుంది.

మా ఊరు తెనాలి పక్కనే. సంక్రాంతికి పౌరాణిక నాటకం ఆడడం మా తాతల నాటి నుంచీ ఉంది, ఈసారీ ఆడాలి. ఫ్లెక్సీ వేయిస్తే ఒక్క రోజులో అయిపోతుంది కదా అన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. ఫ్లెక్సీ మెరుస్తుంది, స్టేజీ లైటు దాని మీద పడి తిరిగి జనం కళ్లలో కొడుతుంది, చెట్టు ముందు నిలబడ్డ మనిషి అద్దం ముందు నిలబడ్డట్టుంటాడు. గుడ్డ మీద రంగైతే వెలుగుని పీల్చుకుంటుంది, అడవి లోపలికి వెళ్లినట్టు కనిపిస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి వాళ్లు ఇప్పటికీ రంగుల తెరలు కట్టి ఆడుతున్నారంటే ఊరికే కాదు. సరే, నేనే వేస్తానని ఒప్పుకున్నా.

కొలత: 24 అడుగుల వెడల్పు, 14 అడుగుల ఎత్తు. అంటే 336 చదరపు అడుగులు. పైన ఎనిమిది అడుగులు ఆకాశం, దాని కింద దూరపు కొండలు, ఇంకా కింద చెట్లు. ఆకాశం పైన ముదురు నీలంలో మొదలై కొండల దగ్గరికి వచ్చేసరికి లేత గంధం రంగులోకి కరిగిపోవాలి. బ్రష్షుతో ఆ కరగడం రాదు, గీత కనిపిస్తుంది. పైగా తెర చుట్టాలి కాబట్టి రంగు ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. ఈ రెండింటికీ స్ప్రే తప్ప దారి లేదు.

నవంబరు 26

నా దగ్గర ఎయిర్ బ్రష్ (గాలితో రంగు చిమ్మే కలం లాంటి చిన్న గన్ను) ఉంది, వినాయకచవితి మట్టి బొమ్మలకు రంగులేయడానికి కొన్నది. 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికొచ్చే రంధ్రం), పైన 7 మిల్లీలీటర్ల కప్పు, దానికి మూడు లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్. ముందు దీంతో ఎంత పనవుతుందో కొలవాలని రెండడుగుల చదరం గుడ్డ కట్టి నీలం కొట్టా. నాలుగు చదరపు అడుగులకు ఐదు కప్పులు, 25 నిమిషాలు పట్టింది. తెర మొత్తానికి లెక్క వేస్తే ఒక్క కోటుకే 35 గంటలు. అదీ ఆగకుండా కొడితే. మధ్యలో సూది మొన మీద రంగు ఆరి, ఆవగింజంత గడ్డ కట్టి, రెండుసార్లు తుపుక్కుమని చుక్కలు పడ్డాయి.

బొమ్మ కనుబొమ్మ గీయడానికి పుట్టిన పనిముట్టుతో ఆకాశం కొట్టమంటే అది దాని తప్పు కాదు. 0.5 నాజిల్‌తో, కింద సీసా తగిలించేది కొంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచించా. పదిహేను గంటలకు తగ్గుతుందేమో, అంతకన్నా తగ్గదు, డబ్బు మాత్రం అయిపోతుంది.

కానీ ఈ కొలత పనికొచ్చింది. చదరపు అడుగుకి దాదాపు 9 మిల్లీలీటర్ల పల్చని రంగు పడుతోందని తెలిసింది. ఆకాశం 192 చదరపు అడుగులు, అంటే లీటరూ ముప్పావు దాకా కావాలి. ఎవరైనా పెద్ద పనికి గన్ను కొనే ముందు ఇంట్లో ఉన్నదేదైనా పెట్టి ఈ లెక్క ఒక్కటి వేసుకోండి, సగం అయోమయం అక్కడే తీరిపోతుంది.

డిసెంబరు 3

వాన. తుఫాను వస్తోందని, తెర వేయాలనుకున్న గోదాము వైపు ఎవరూ వెళ్లలేదు.

డిసెంబరు 10

5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. పనల మీద మొలకలు వచ్చాయి. నాటకం ఆడదామా వద్దా అని పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు, ఖర్చు తగ్గించుకుని ఆడదామనే అన్నారు, జనం ఒకచోట కూర్చుంటే కాస్త మనసు తేలికపడుతుందని. కాబట్టి తెర ఖర్చు కూడా వీలైనంత తక్కువలో అవ్వాలి. ఇక నుంచి ప్రతి రూపాయీ ఇక్కడ రాసుకుంటా.

పాత రైస్ మిల్లు గోదాములో గోడకు వెదురు బొంగులు కట్టి కోరా గుడ్డ వేలాడదీశాం. మా బాబాయ్ ఒకప్పుడు సైన్ బోర్డులు, తెరలు రాసినాయన, కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. వాళ్ల రోజుల్లో సుద్ద, వజ్రం (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు) మరగబెట్టి పూసి, నీలిమందు కలిపి ఆకాశం వేసేవాళ్లట. నేను గంజి పెడదామంటే, "వద్దురా అబ్బాయ్, ఎలకలు కొరికేస్తాయి, పురుగు పడుద్ది. తెల్ల జిగురు ఉందిగా, ఒకటికి ఎనిమిది నీళ్లు కలిపి కొట్టు చాలు" అన్నాడు. అలాగే చేశా. ఈ పూత లేకపోతే కోరా గుడ్డ నేతలోంచి స్ప్రే అవతలికి పోతుంది, సగం రంగు గోడకే.

పొలానికి మందు కొట్టే బ్యాటరీ పంపుతో కొట్టేయొచ్చు కదా అని మా పక్కింటి అబ్బాయి అడిగాడు. చాలామందికి వచ్చే ఆలోచనే. రెండు కారణాలకు వద్దు. ఒకటి, ఆ పంపులో పురుగుమందు ఎంత కడిగినా మిగులుతుంది, అది మూసిన గోదాములో పొగలా లేచి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రెండోది, ఆ పంపు నీటినే ఒత్తిడితో తోస్తుంది, గాలితో చీల్చదు. అందుకే చుక్క లావుగా పడుతుంది, నిలువు గుడ్డ మీద కారుతుంది. గాలితో చీల్చిన రంగే మంచులా పడుతుంది. ఈ తేడా తెలిస్తే ఏ పనికి ఏది కొనాలో వెంటనే అర్థమవుతుంది.

అయినా తోట మొక్కలకు కొట్టే రెండు లీటర్ల చేతి పంపు ఒకటి కొత్తది కొన్నా, రూ. 280. జిగురు నీళ్లు కొట్టడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది.

డిసెంబరు 16, శనివారం

కరెంటు స్ప్రే గన్ను వచ్చింది. 650 వాట్లు, 800 మిల్లీలీటర్ల డబ్బా, దాని గాలి మోటారు దానికే ఉంటుంది, కంప్రెసర్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రూ. 1,750 పడింది. డబ్బా మూత దగ్గర రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోలేదు, మొదటి నిమిషంలోనే మోచేతి దాకా తెల్ల రంగు కారింది. మార్చమంటే అమ్మినవాళ్లు వారం అన్నారు. కుళాయి రిపేరు కొట్లో ఐదు రూపాయల వాషరు వేసుకున్నా.

దీంతో తెర మొత్తానికి తెల్ల అస్తరు, అంటే అసలు రంగు కింద వేసే మొదటి పూత, 40 నిమిషాల్లో అయిపోయింది. ఆ స్పీడు చూస్తే సంతోషమేసింది. ఇదే ఆకాశానికీ సరిపోతుందేమోనని పాత గుడ్డ మీద నీలం నుంచి గంధానికి కరిగించి చూశా. కాదు. మీట నొక్కగానే మొదట నాలుగు లావు చుక్కలు ఉమ్ముతుంది, ఆ తర్వాతే సన్నబడుతుంది. రంగు పరిమాణం తిప్పుకునే స్క్రూ ఉంది గానీ తగ్గించినకొద్దీ గాలి మాత్రం అంతే జోరుగా వస్తుంది కాబట్టి రంగు గుడ్డను చేరేలోపే పొడిబారి ఇసుక చల్లినట్టు పడుతుంది. డబ్బా నిండుగా ఉన్నప్పుడు బరువు కూడా తక్కువేం కాదు, అరగంటకు మణికట్టు నొప్పి. గోడలకు, గేట్లకు, ఇలాంటి అస్తరుకు మంచిది. కరిగే రంగులకు కాదు.

డిసెంబరు 17

తెనాలిలో కార్ల డెంటింగ్ పెయింటింగ్ షెడ్డుకు వెళ్లా. అక్కడి మేస్త్రి గారు బంపరు మీద గీతలు సరిచేయడానికి చిన్న టచప్ గన్ను వాడుతున్నారు: 0.8 నాజిల్, పైన 125 మిల్లీలీటర్ల కప్పు, వెడల్పు తిప్పుకునే స్క్రూ, రంగు తిప్పుకునే స్క్రూ, గాలి తిప్పుకునే స్క్రూ. చేతిలో పట్టుకుంటే ఎయిర్ బ్రష్‌కి అన్నయ్యలా ఉంది. ఆరంగుళాల దూరంలో నాలుగైదు అంగుళాల పట్టీ కొడుతోంది, రంగు తగ్గిస్తే వేలంత సన్నగానూ వస్తోంది. నాకు కావలసింది ఇదే. అలాంటిదే కొత్తది రూ. 900కి దొరికింది.

ఇంటికొచ్చి ఆత్రంగా నా చిన్న కంప్రెసర్‌కు తగిలించా. ఐదు సెకన్లు అద్భుతంగా కొట్టింది. ఆ తర్వాత గాలి పడిపోయి, రంగు చుక్కలు చుక్కలుగా రాలింది. ఆగితే మళ్లీ నిండుతుంది, మళ్లీ ఐదు సెకన్లు.

ఎందుకో కూర్చుని లెక్క వేశా. ఈ గన్నుకు నిమిషానికి దాదాపు వంద లీటర్ల గాలి కావాలి. నా కంప్రెసర్ ఇచ్చేది 23 లీటర్లు. ట్యాంకు మూడు లీటర్లే, అది నాలుగు బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) నుంచి రెండు బార్‌కి పడిపోయేలోపు అదనంగా ఇవ్వగలిగేది ఆరు లీటర్ల గాలి. లోటు నిమిషానికి 77 లీటర్లు, చేతిలో ఉన్నది ఆరు. సరిగ్గా ఐదు సెకన్లు వస్తుంది! కంప్రెసర్ చెడిపోలేదు, గన్ను చెడిపోలేదు, గాలి చాలడం లేదు.

నేను ఇన్ని రోజులూ గన్నుల ధరలు చూస్తూ కూర్చున్నా గానీ అసలు ఖర్చు గాలిది. గన్ను తొమ్మిది వందలకే వస్తుంది. కంప్రెసర్ కొనేటప్పుడు అందరూ ప్రెషర్ ఎంతని అడుగుతారు, ఎనిమిది బార్, పది బార్ అని గొప్పగా రాసి ఉంటుంది. స్ప్రేకి రెండు బార్ దాటి పెద్దగా అక్కర్లేదు. అడగాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందని. అదీ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె మోటారు లోపలికి పీల్చుకునే గాలిది, బయటికి వచ్చేది అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. ఆ రెండో అంకె అడగండి. కొందరు సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులో చెబుతారు, ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28 లీటర్ల పైచిలుకు.

ఒక హెచ్‌పీ మోటారు, 24 లీటర్ల ట్యాంకు ఉన్నది నా గన్నుకు సరిపోతుంది. కొనే స్తోమత ఈ ఏడాది కమిటీకి లేదు, నాకూ లేదు. మేస్త్రి గారు తన రెండో కంప్రెసర్ రోజుకు రూ. 400 అద్దెకు ఇస్తానన్నారు. హోస్ పైపు, కనెక్టర్లు, నీటి ఫిల్టరు రూ. 800.

డిసెంబరు 24

ఆకాశం వేసిన రోజు.

పొద్దున ఏడింటికే మొదలుపెట్టి ముందు రంగు పల్చన చేయడం మీదే గంట గడిపా. మామూలు గోడ ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు), అందులో స్టైనర్లు (చిక్కటి రంగు ద్రవాలు) కలిపి నీలం. ఎంత నీళ్లు పోయాలో చేతి లెక్క వద్దని బి4 కప్పు కొన్నా, రూ. 250. అడుగున సన్న రంధ్రం ఉన్న చిన్న కప్పు అది, నిండా రంగు పోసి వేలు తీసి, ధార తెగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మొదట 50 దాటింది. నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ 22 సెకన్లకు తెచ్చా. నీళ్లు మరీ ఎక్కువైతే రంగుకు పట్టు పోయి ఆరాక చేతికి పొడిలా అంటుకుంటుంది కాబట్టి కొంచెం తెల్ల జిగురు కూడా వేశా.

తర్వాత వస్త్రగాలితం. బాబాయ్ ఈ మాట అనగానే మా నాయనమ్మ చూర్ణాలు పట్టడం గుర్తొచ్చింది. పాత నైలాన్ సాక్సు డబ్బా మూతికి బిగించి రంగంతా వడకడితే అడుగున గసగసాలంత గడ్డలు చెంచాడు మిగిలాయి. అవే గన్ను గొంతుకు అడ్డం పడేవి. ఈ పని మానేసి గన్ను బాగోలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ముందు పాత న్యూస్‌పేపర్ మీద ఒక్క క్షణం కొట్టి ఆకారం చూసుకోవాలి. నిలువుగా కోడిగుడ్డులా నిండుగా పడితే సరిగ్గా ఉన్నట్టు. పైనా కిందా లావై మధ్యలో ఖాళీ ఉంటే గాలి ఎక్కువైంది లేదా రంగు మరీ పల్చన. నడుమ మాత్రమే ముద్దగా పడితే గాలి చాలలేదు లేదా రంగు చిక్కన. నాకు గాలి ఒత్తిడి తిప్పుకునే రెగ్యులేటర్ రెండు బార్ దగ్గర సరిగ్గా కుదిరింది.

రెండు డ్రమ్ముల మీద పలక వేసుకుని పైనుంచి మొదలుపెట్టా. గుడ్డ అంచు బయటే మీట నొక్కి, లోపలికి వచ్చి, అవతలి అంచు దాటాక వదలాలి, లేకపోతే మొదలు పెట్టిన చోటల్లా మచ్చ. ప్రతి పట్టీ ముందు పట్టీని సగం కప్పాలి. చెయ్యి మణికట్టు దగ్గర ఊగకూడదు, భుజం నుంచి కదలాలి. మూడు డబ్బాల్లో మూడు రంగులు కలిపి పెట్టుకున్నా: ముదురు నీలం, లేత నీలం, గంధం. ఒకదాని అంచు తడి ఆరకముందే రెండోదాన్ని దాని మీదికి అడుగున్నర దాకా ఎగబాకించి, పైకి వెళ్లేకొద్దీ రంగు స్క్రూ తగ్గించుకుంటూ పోతే ఎక్కడ కలిసిందో కనిపించకుండా కలిసింది. ఆ చోట చెయ్యి ఆపి కాసేపు చూస్తూ ఉండిపోయా.

పద్నాలుగు సార్లు కప్పు నింపా. మొత్తం గంటన్నర. ఎయిర్ బ్రష్ లెక్కన ఆకాశానికే ఇరవై గంటలు, అదెక్కడ, ఇదెక్కడ.

నీళ్ల రంగే కదా అని మాస్కు లేకుండా కొట్టొద్దు. ఎన్95 పెట్టుకున్నా, సాయంత్రం మాస్కు బయటివైపు చూస్తే లేత నీలంగా ఉంది. అదంతా లోపలికి వెళ్లాల్సింది. ఎనామిల్, థిన్నరు కొట్టేవాళ్లకు ఇది కూడా చాలదు, ఆవిరిని ఆపే కార్ట్రిజ్ మాస్కు ఉండాలి.

డిసెంబరు 25

కొండలు మొదలుపెట్టిన పది నిమిషాలకే రంగులో నీటి చుక్కలు పడ్డాయి, నిన్నటి ఆకాశం మీద మూడు చోట్ల కన్నీళ్లు కారినట్టు గీతలు. టెన్షన్‌తో చేతులు ఆడలేదు. తుఫాను తర్వాత గోదాము నేల ఇంకా చెమ్మగానే ఉంది, కంప్రెసర్‌లో గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, ట్యాంకులో, పైపులో చల్లబడగానే అందులోని తేమ నీళ్లవుతుంది. ట్యాంకు కింద నీళ్లు వదిలే కాక్ తిప్పితే గ్లాసుడు తుప్పు నీళ్లు వచ్చాయి. నిన్న సాయంత్రం ఆ నీళ్లు వదలకపోవడం నా పొరపాటు. ఫిల్టరు కూడా కంప్రెసర్ పక్కనే పెట్టా, అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి నీరు ఆవిరిగానే దాటిపోతుంది. పైపు పది మీటర్లు పొడిగించి, ఫిల్టరు గన్ను వైపు చివరకు మార్చా. ఇక గంటకోసారి కాక్ తిప్పడమే. మళ్లీ చుక్క పడలేదు.

పాడైన చోట తుడవలేదు. పూర్తిగా ఆరనిచ్చి, ఆ చుట్టూ మూడు పల్చని పొరలు మంచులా కొడితే కలిసిపోయింది. తుడిచి ఉంటే కింది తెలుపు బయటపడేది.

డిసెంబరు 31

చెట్లు. మానులు, కొమ్మలు బాబాయ్ బ్రష్షుతోనే వేశాడు, ఆ వంపు గన్నుతో రాదు. ఆకుల గుబుర్లకు అట్టముక్కలో ఆకు ఆకారాలు కత్తిరించి, అడ్డం పెట్టి, టచప్ గన్నుతో ముదురు ఆకుపచ్చ, దాని మీద జరిపి లేత ఆకుపచ్చ. దగ్గరి పొదలకు మాత్రం చేతి పంపులో పసుపుపచ్చ రంగు పోసి చల్లా. లావు చుక్క పడుతుందని వద్దనుకున్న పంపే ఇక్కడ ఎండ తగిలిన ఆకుల్లా భలే కుదిరింది.

2024 జనవరి 7

ఎయిర్ బ్రష్ మళ్లీ బయటికి తీశా. మానుల మీద నీడ, ఊడల సందుల్లో చీకటి, దూరంగా ఎగిరే రెండు కొంగలు. 0.3 నాజిల్‌తో, నా చిన్న కంప్రెసర్‌తోనే మూడు గంటల్లో అయిపోయాయి.

ఖర్చు: చేతి పంపు 280, కరెంటు గన్ను 1,750, టచప్ గన్ను 900, హోస్, ఫిల్టరు 800, బి4 కప్పు 250, కంప్రెసర్ అద్దె మూడు రోజులకు 1,200. మొత్తం రూ. 5,180, గుడ్డ, రంగులు, చిల్లర సామాను కాకుండా. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తే కరెంటు గన్ను కొనను, అస్తరు వెడల్పు బ్రష్షుతో పల్చగా లాగితే పోయేది. అప్పుడు రూ. 3,430తో సరిపోయేది.

గన్నులు కడగడం గురించి ఒక్క మాట. ఎమల్షన్ ఒకసారి లోపల ఆరితే నీటికి లొంగదు. ప్రతి రంగు మార్పుకీ నీళ్లు కొట్టి, రోజు చివర సూది వెనక్కి లాగి, నాజిల్ విప్పి, పళ్ల సందుల్లో తోముకునే సన్న బ్రష్షుతో లోపల తిప్పి కడిగా. పది నిమిషాల పని. తొమ్మిది వందల గన్ను ఇవాళ్టికీ కొత్తదానిలా కొడుతోంది.

జనవరి 14, భోగి

తెర చుట్టి, ట్రాక్టర్ మీద స్టేజీ దగ్గరికి తెచ్చి విప్పాం. ఒక్క చోట కూడా పగుల్లేదు, పొడి రాలలేదు. సాయంత్రం లైట్లు వేశారు. బాబాయ్ జనం కూర్చునే చోట వెనక వరసదాకా నడిచి వెళ్లి, అక్కడి నుంచి చాలాసేపు చూశాడు.

"అంతా బాగుందిరా. ఆ కొండలే దగ్గరికొచ్చేసినయ్. వాటి పాదాల దగ్గర కాస్త మంచు పడితే సరిపోద్ది."

నిజమే, పగలు గోదాములో కనిపించలేదు గానీ లైటు కింద కొండల అంచు కత్తిరించినట్టుంది. పండక్కి షెడ్డు మూసేశారు కాబట్టి మేస్త్రి గారు కంప్రెసర్ తీసుకెళ్లమన్నారు, డబ్బులొద్దన్నారు. అరకప్పు తెలుపులో బొట్టు నీలం, బొట్టు గంధం వేసి, మామూలు కంటే ఇంకా పల్చన చేసి, రంగు స్క్రూ దాదాపు మూసేసి, ఒకటిన్నర అడుగు దూరం నుంచి కొండల పాదాల మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిచా. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆఁ, ఇప్పుడు వెళ్లినయ్ దూరంగా" అన్నాడు వెనక వరస నుంచే.